సీటు దొరికాక మొదలయ్యే లెక్క

మన ఇళ్లలో చదువు గురించిన మాట సీటు దగ్గర మొదలై సీటు దగ్గరే ఆగిపోతుంది. ర్యాంకు ఎంత, కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ వచ్చింది, కన్వీనర్ కోటానా మేనేజ్‌మెంటా? ఈ మూడింటికీ జవాబు దొరికితే పిల్లల చదువు ఒక కొలిక్కి వచ్చిందనుకుంటాం. డేటా సైన్స్ విషయంలో ఈ అలవాటే దెబ్బ తీస్తుంది. ఇందులో చేరడం తేలిక. పట్టా చేతికి రావడం కష్టం. ఏం కావాలో చేరాక తెలుసుకునేవాళ్లు రెండో ఏడాదికి నలిగిపోతారు. చేరకముందే కాగితం మీద లెక్క వేసుకున్నవాళ్లు నిదానంగానైనా ఒడ్డుకు చేరతారు.

దారులు మూడున్నాయి. మొదటిది ఈఏపీసెట్ రాసి బీటెక్ సీఎస్‌ఈలో డేటా సైన్స్ బ్రాంచి తీసుకోవడం. జేఎన్‌టీయూ పరిధిలోని కాలేజీల్లో ఇది 160 క్రెడిట్ల చదువు, 75 శాతం హాజరు తప్పనిసరి. రెండోది డిగ్రీ కాలేజీలో బీఎస్సీ. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్‌తో పాటు డేటా సైన్స్ ఉంటుంది. తెలంగాణలో దోస్త్ ద్వారా చేరతారు. మూడోది ఐఐటీ మద్రాస్ 2020లో ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన కోర్సు. అప్పుడు దాని పేరు బీఎస్సీ ప్రోగ్రామింగ్ అండ్ డేటా సైన్స్. ఇప్పుడు అది నాలుగేళ్ల బీఎస్ డిగ్రీ, పేరు డేటా సైన్స్ అండ్ అప్లికేషన్స్.

ఈ అధ్యాయంలో మూడోదాన్నే పట్టుకుని మాట్లాడతాను. ఇందులో సీట్లకు పరిమితి లేదు. అర్హత పరీక్ష దాటిన ప్రతి ఒక్కరికీ చోటుంటుంది, పక్కవాడి ర్యాంకుతో మనకు పని లేదు. కాబట్టి ఒక డేటా సైన్స్ డిగ్రీ మనిషి దగ్గర్నుంచి నిజంగా ఏమేం అడుగుతుందో ఇందులోనే స్పష్టంగా కనబడుతుంది. మీరు బీటెక్‌లోనో బీఎస్సీలోనో ఉన్నా ఇక్కడ చెప్పేదాంట్లో ఎక్కువ భాగం మీకూ వర్తిస్తుంది, ఎందుకంటే సబ్జెక్టులు అవే.

గుమ్మం దగ్గర

ఇంటర్ లేదా దానికి సమానమైనది పాసై ఉండాలి. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు చదివి ఉండాలి. వయసు అడ్డు కాదు. ఎంపీసీ మాత్రమే అన్న షరతూ లేదు. బైపీసీ, సీఈసీ పిల్లలు కూడా రావచ్చు. ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తిచేసినవాళ్లు కూడా అర్హత పరీక్ష రాసుకుని, ఇంటర్ పూర్తయ్యాక చేరవచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి అర్హత సాధించినవాళ్లకు ఈ పరీక్షే అక్కర్లేదు.

మిగతా అందరూ క్వాలిఫయర్ అనే ఈ అర్హత పరీక్ష దాటాలి. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. ఎప్పుడో చదివినదాని మీద ఒక్కరోజు పరీక్ష పెట్టి మనిషిని తేల్చెయ్యరు. నాలుగు వారాలు పాఠాలు చెప్పి, ఆ చెప్పినదాని మీదే పరీక్ష పెడతారు. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యుటేషనల్ థింకింగ్, ఇంగ్లీషు నాలుగే సబ్జెక్టులు. వారం వారం అసైన్‌మెంట్లుంటాయి. మొదటి మూడు వారాల్లో మెరుగైన రెండింటి సగటు కనీస మార్కు దాటితేనే పరీక్షకు పంపుతారు. పరీక్షకు మాత్రం మనమే సెంటర్‌కు వెళ్లాలి. జనరల్ అభ్యర్థులకు ఒక్కో సబ్జెక్టులో కనీసం 40 శాతం, మొత్తం మీద సగటు 50 శాతం రావాలి. ఓబీసీలకూ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకూ ఈ గీత ఇంకొంచెం కింద ఉంటుంది.

ఈ నాలుగు వారాలనూ ప్రవేశ పరీక్షకు కోచింగ్‌లా చూడకండి. రాబోయే నాలుగేళ్లు ఎలా ఉంటాయో చూపించే నమూనా ఇది. ఈ వారాల్లో రోజుకు ఎన్ని గంటలు కూర్చోగలిగారు, ఎన్ని వీడియోలు సగంలో ఆపేశారు, అసైన్‌మెంట్ గడువు రోజు రాత్రి ఏ స్థితిలో ఉన్నారు, ఇవన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి. ఇప్పుడు కుదరనిది చేరాక కూడా కుదరదు. అంటే చదువు మానుకొమ్మని కాదు. టర్మ్‌కు నాలుగు కోర్సులు తీసుకోవాలనుకున్నవాళ్లు రెండుకు దిగాలని.

కాగితాల విషయం ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే మన రాష్ట్రాల పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ సర్టిఫికెట్ వేరు, కేంద్ర సంస్థలు అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరు. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు. ముందు అది చూసుకుని, కేంద్ర నమూనాలో కొత్త సర్టిఫికెట్ తీసుకోవాలి. ఈడబ్ల్యూఎస్‌కూ అంతే. ఫీజు తీసుకున్న కోర్సులకే కట్టాలి కాబట్టి ఒక్కసారిగా భారం పడదు. కుటుంబ ఆదాయాన్ని బట్టి 75 శాతం దాకా రాయితీ కూడా ఉంది. కానీ ఆ రాయితీ ఆదాయ సర్టిఫికెట్ మీద ఆధారపడి ఉంటుంది. తహసీల్దారు ఆఫీసులో సంతకం ఎప్పుడు పడుతుందో మన చేతుల్లో లేదు. దరఖాస్తు గడువుకు నెల ముందే మీసేవకు వెళ్లండి.

142ను విడదీస్తే

పట్టాకు 142 క్రెడిట్లు కావాలి. ఈ అంకె ఒక్కటే చూస్తే గుండె ఝల్లుమంటుంది. విడదీస్తే దారి కనిపిస్తుంది.

మొదటి మెట్టు ఫౌండేషన్. 8 కోర్సులు, ఒక్కోటి 4 క్రెడిట్లు, మొత్తం 32. మ్యాథ్స్ రెండు, స్టాటిస్టిక్స్ రెండు, ఇంగ్లీషు రెండు, కంప్యుటేషనల్ థింకింగ్, పైథాన్. ఈ ఎనిమిదీ పూర్తయితేగాని పైకి పోనివ్వరు. రెండో మెట్టులో రెండు డిప్లమోలు, ఒక్కోటి 27 క్రెడిట్లు. ప్రోగ్రామింగ్ డిప్లమోలో డేటాబేస్‌లు, డేటా స్ట్రక్చర్లు, జావా, వెబ్ అప్లికేషన్ల తయారీ ఉంటాయి. డేటా సైన్స్ డిప్లమోలో మెషీన్ లెర్నింగ్ సిద్ధాంతం, ఆచరణ, వ్యాపార డేటా విశ్లేషణ ఉంటాయి. రెండింటిలోనూ ప్రాజెక్టులు తప్పవు. అక్కడికి 86 అయింది. ఇంకో 28 చేస్తే 114 క్రెడిట్లతో బీఎస్సీ. ఆపైన మరో 28 చేస్తే 142తో బీఎస్. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్, టెస్టింగ్, డీప్ లెర్నింగ్ లాంటివి ఈ చివరి మెట్ల మీద వస్తాయి.

ఏ మెట్టు దగ్గర ఆగినా దానికి తగ్గ కాగితం ఇచ్చి పంపుతారు. ఇంటి పరిస్థితులు ఎప్పుడు ఎలా మారతాయో తెలియని కుటుంబాలకు ఇది చిన్న ఊరట కాదు. మామూలు కాలేజీలో రెండో ఏడాది మధ్యలో మానేస్తే చేతిలో మార్కుల మెమోలు తప్ప ఏమీ మిగలవు.

ఇప్పుడు కాలాన్ని లెక్కేద్దాం. ఏడాదికి మూడు టర్మ్‌లు: జనవరి, మే, సెప్టెంబరు. ఒక్కో టర్మ్‌లో 12 వారాల పాఠాలు. ఒక్కో కోర్సుకు వారానికి సుమారు 10 గంటలు పెట్టాలని ఐఐటీ వాళ్లే చెబుతారు. నాలుగేళ్లలో, అంటే 12 టర్మ్‌లలో 142 పూర్తి చెయ్యాలంటే టర్మ్‌కు 12 క్రెడిట్లు పడతాయి. దాదాపు మూడు కోర్సులు, వారానికి 30 గంటలు. ఇది ఇంట్లో ఉండి పూర్తిగా దీని మీదే కూర్చునేవాళ్ల వేగం. ఉద్యోగం చేస్తూనో బీటెక్ చదువుతూనో చేసేవాళ్లకు రెండు కోర్సులే గట్టి. టర్మ్‌కు 8 క్రెడిట్ల చొప్పున 142 అంటే 18 టర్మ్‌లు, ఆరేళ్లు. గరిష్ఠ గడువు ఎనిమిదేళ్లు, అంటే 24 టర్మ్‌లు. ఒక్క కోర్సు కూడా ఫెయిల్ కాకుండా టర్మ్‌కు సగటున 6 క్రెడిట్లయినా లాగకపోతే ఆ గీత కూడా దాటిపోతుంది.

ఈ లెక్కను ఇంట్లో అందరి ముందూ కూర్చుని వెయ్యండి. "నాలుగేళ్లలో అయిపోతుంది నాన్నా" అని చేరినరోజు చెప్పి, నాలుగో ఏడు గడిచాక ఇంకా సగంలో ఉన్నామని చెప్పడం కంటే, "ఆరేళ్లు పడుతుంది, మధ్యలో ఉద్యోగం చేసుకుంటాను" అని మొదటిరోజే చెప్పడం ఇద్దరికీ మేలు. తల్లిదండ్రులు ఓపిక లేనివాళ్లేం కాదు. ఎంతకాలం ఓపిక పట్టాలో తెలియనప్పుడే వాళ్లకు కంగారు.

ఏ కోర్సు తర్వాత ఏది తీసుకోవాలన్నదీ ముఖ్యమే. మెషీన్ లెర్నింగ్ ఫౌండేషన్స్ తర్వాతే టెక్నిక్స్, ఆ తర్వాతే ప్రాక్టీస్. ఈ మూడింటినీ ఒకదాని వెనక ఒకటే చెయ్యాలి. గొలుసులో మొదటిదాన్ని ఒక టర్మ్ వాయిదా వేస్తే చివరిది కూడా ఒక టర్మ్ జరుగుతుంది. చాలామంది డిప్లమోలోకి రాగానే తేలికవి ముందు తీసుకుని ఊపిరి పీల్చుకుందామనుకుంటారు. నేను తిరగేసి చెబుతాను. గొలుసు పొడవుగా ఉన్నదాన్ని ముందు మొదలుపెట్టండి. దాని పక్కన తేలికదాన్ని తోడు పెట్టుకోండి.

స్టాటిస్టిక్స్‌ను చాయిస్‌లో వదిలేసినవాళ్లకు

ఇంటర్ ఎంపీసీ చదివిన పిల్లలకు 2ఏ పుస్తకం చివర్లో సంభావ్యత అధ్యాయాలు గుర్తుంటాయి. వాటిని చాయిస్‌లో వదిలేసి, కచ్చితంగా వచ్చే ప్రశ్నలు నేర్చుకుని, 75కు 70 తెచ్చుకున్నవాళ్లు మనలో కోకొల్లలు. మార్కుల కోసం ఆ పని తెలివైనదే కావచ్చు. డేటా సైన్స్‌కు వచ్చేసరికి ఆ వదిలేసిన అధ్యాయాలే అసలు చదువు.

ఒక చిన్న లెక్క చూడండి. కాగితం, పెన్ను తీసుకోండి. వెయ్యి మందికి ఒక జబ్బు పరీక్ష చేశారు. వాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లు 20 మంది. జబ్బున్నవాళ్లలో నూటికి 90 మందిని ఈ పరీక్ష సరిగ్గా పట్టుకుంటుంది. జబ్బు లేనివాళ్లలో కూడా నూటికి 5 మందికి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. మీకు పాజిటివ్ వచ్చింది. మీకు నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత?

తడుముకోకుండా 90 శాతం అనేవాళ్లే ఎక్కువ. లెక్క వేద్దాం. జబ్బున్న 20 మందిలో 18 మందికి పాజిటివ్ వస్తుంది. జబ్బు లేని 980 మందిలో నూటికి అయిదు చొప్పున 49 మందికి పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 67. అందులో నిజమైనవి 18. అంటే సుమారు 27 శాతం. పాజిటివ్ వచ్చిన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి జబ్బే లేదు!

ఇది బేయీస్ సిద్ధాంతం. సూత్రం ఇంటర్ పుస్తకంలోనే ఉంది. కానీ సూత్రంలో విలువలు పెట్టి జవాబు రాబట్టడం ఒకటి, 980 అనే పెద్ద సంఖ్య వల్లే తప్పుడు పాజిటివ్‌లు అంత పేరుకున్నాయని కళ్లకు కట్టినట్టు తెలియడం ఇంకొకటి. రెండోది వచ్చినవాళ్లకు తర్వాత మెషీన్ లెర్నింగ్‌లో నెయివ్ బేయీస్ వచ్చినప్పుడు పాత స్నేహితుణ్ని చూసినట్టుంటుంది. అది రానివాళ్లకు అదే పాఠం మళ్లీ కొత్త సూత్రం, మళ్లీ కొత్త బట్టీ. బ్యాంకు మోసాల్ని పట్టే మోడల్ చేసినా, ఆస్పత్రి స్కాన్‌లను చదివే మోడల్ చేసినా వెయ్యిలో 20 అన్న ఈ సమస్యే ఎదురవుతుంది. అరుదైనదాన్ని వెతికేటప్పుడు తప్పు గంటలు ఎక్కువ మోగుతాయి.

కాబట్టి చేరడానికి ముందు రెండు నెలలు దొరికితే కొత్త కోర్సులు కొనకండి. ఇంట్లో ఉన్న ఇంటర్ పుస్తకాలు దులపండి. 1ఏలో ప్రమేయాలు, మాత్రికలు. 1బీలో సరళరేఖలు, అవధులు, గరిష్ఠ కనిష్ఠాలు. 2ఏలో విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు. మ్యాథ్స్-1, స్టాటిస్టిక్స్-1లలో చాలా భాగానికి ఇవే పునాది. గ్రాఫ్ సిద్ధాంతం లాంటి ఒకటి రెండు మాత్రమే పూర్తిగా కొత్తవి. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఈ అధ్యాయాలు చదువుతూనే పక్కన ఇంగ్లీషు పదాలు రాసుకోవాలి. సంభావ్యతంటే ప్రాబబిలిటీ అని తెలిసినంత మాత్రాన సరిపోదు. "కనీసం ఒకటి", "గరిష్ఠంగా రెండు", "అని తెలిసినప్పుడు" లాంటి మాటలు ఇంగ్లీషు ప్రశ్నలో ఎలా వస్తాయో పట్టుకోవాలి. లెక్క తెలిసి కూడా ప్రశ్న అర్థంకాక పోగొట్టుకునే మార్కులు ఇక్కడే ఎక్కువ. ఫౌండేషన్‌లో రెండు ఇంగ్లీషు కోర్సులు పెట్టింది ఊరికే కాదు. వాటిని తేలిగ్గా తీసుకోకండి.

సీఈసీ, హెచ్‌ఈసీ నుంచి వచ్చేవాళ్లు పదో తరగతి లెక్కల పుస్తకంతో మొదలుపెట్టాలి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పైగా వాళ్లకు ఒక సౌకర్యం ఉంది, చాయిస్‌లో వదిలెయ్యడం అనే అలవాటు లెక్కల్లో ఇంకా పడలేదు.

కంప్యూటర్ తెరవకముందు, తెరిచాక

కంప్యుటేషనల్ థింకింగ్ కోర్సు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు మాధవన్ ముకుంద్, జి. వెంకటేశ్ ఈ పాఠాలు చెబుతారు. బల్ల మీద కార్డుల కట్ట ఉంటుంది. ఒక్కో కార్డు మీద ఒక విద్యార్థి మార్కులో, ఒక దుకాణం బిల్లో, ఒక వాక్యంలోని పదమో ఉంటుంది. ఒక్కో కార్డూ తీసి చూస్తూ, పక్కన ఒక అంకె రాసుకుంటూ, మార్చుకుంటూ పోతారు. కోడ్ తర్వాత వస్తుంది. ముందు చేత్తో చేసే పని.

కోడింగ్ ఎంతోకొంత వచ్చిన పిల్లలు ఈ కోర్సును చిన్నచూపు చూసి పరీక్షలో బోల్తా పడతారు. దయచేసి ఇంట్లో కూడా కార్డులు చేసుకోండి. పాత పెళ్లి శుభలేఖల వెనక వైపు చాలు. ముప్పై కార్డుల మీద ముప్పై మంది మార్కులు రాయండి. అందరికంటే ఎక్కువ మార్కులు ఎవరివో ఒక్కసారి కట్ట తిరగేసి కనిపెట్టండి. తర్వాత రెండో స్థానం ఎవరిదో కూడా అదే ఒక్క చుట్టులో కనిపెట్టండి. రెండోది చేసేటప్పుడు మీ చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడే ప్రోగ్రామింగ్ ఉంది. కొత్త కార్డు మొదటి స్థానాన్ని దించితే పాత మొదటిది ఎక్కడికి పోవాలి? ఆ ప్రశ్నకు చేత్తో జవాబు చెప్పినవాడు పైథాన్‌లో ఆ నాలుగు వరుసలు ఎవర్నీ అడక్కుండా రాస్తాడు.

పైథాన్‌కు మామూలు పరీక్షతో పాటు, పర్యవేక్షకులు చూస్తుండగానే కోడ్ రాసి నడిపించాల్సిన ఆన్‌లైన్ ప్రోగ్రామింగ్ పరీక్ష కూడా ఉంటుంది. వీడియో చూసి అర్థమైందనుకున్నవాళ్లు అక్కడ ఖాళీ తెర ముందు కూర్చుండిపోతారు. రోజుకు ఒక్క ప్రోగ్రాం అయినా ఖాళీ ఫైలులో మొదటి అక్షరం నుంచి రాసినవాళ్లకు ఆ భయం ఉండదు.

డిప్లమోలో వెబ్ అప్లికేషన్ ప్రాజెక్టులకు వైవా ఉంటుంది. అక్కడ కోడ్‌లో ఒకచోట చూపించి "ఇది మార్చి నడపండి" అనవచ్చు. స్నేహితుడి ప్రాజెక్టో, ఏఐ రాసిచ్చిన కోడో పేరు మార్చి పెట్టినవాళ్లు దొరికిపోయేది అక్కడే. ఏఐ సాయం తీసుకున్నా సరే, ప్రతి వరుస ఎందుకుందో నోటితో చెప్పగలిగేదాకా దాన్ని మీ కోడ్ అనుకోకండి.

కిరాణా కొట్టు పుస్తకం

ఈ డిగ్రీలో నాకు అన్నిటికంటే విలువైనదనిపించేది బిజినెస్ డేటా మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు. క్రెడిట్లు రెండే. కానీ మనిషిని ఇంట్లోంచి బయటకు పంపుతుంది. నిజంగా నడుస్తున్న ఒక వ్యాపారం దగ్గరకు మీరే వెళ్లాలి. యజమానితో మాట్లాడాలి. వాళ్ల సమస్య తెలుసుకోవాలి. వాళ్ల డేటా తీసుకుని, విశ్లేషించి, పనికొచ్చే సలహా ఇవ్వాలి. మీరు నిజంగానే వెళ్లారనడానికి యజమాని ఇచ్చిన లేఖ, ఫొటోలు, మాట్లాడిన వీడియో లాంటివి జతచెయ్యాలి.

వీధి చివర కిరాణా కొట్టుకే వెళ్లారనుకోండి.

"అన్నా, కాలేజీ ప్రాజెక్టు. ఓ రెండు నెలల అమ్మకాల లెక్కలు కావాలి."

"లెక్కలెందుకు తమ్ముడూ? జీఎస్టీ వాళ్లకు గానీ చూపిస్తావా ఏంటి?"

ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు చెప్పడం ఏ వీడియో పాఠంలోనూ రాదు. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి వాడతానని, లాభం వివరాలు అక్కర్లేదని, ఏ సరుకు ఏ రోజు ఎంత పోయిందో చాలునని ఓపికగా చెప్పాలి. ముందు కాసేపు కూర్చుని ఆయన బాధ వినాలి. నూనె డబ్బాలు ఎక్కువ తెస్తే డబ్బు ఇరుక్కుంటోంది, తక్కువ తెస్తే పండగ ముందు అయిపోతున్నాయి. అదే మీ సమస్య. దాన్ని మీరు ఇంట్లో కూర్చుని ఊహించి రాయలేరు.

పుస్తకం చేతికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. తండ్రి కూర్చున్న పూట "పంచదార" అని ఉంటుంది. కొడుకు కూర్చున్న పూట "షుగర్". పనిచేసే కుర్రాడు తెలంగాణ వైపు వాడైతే "చక్కెర". కంప్యూటర్‌కు ఇవి మూడు వేర్వేరు సరుకులు. ఒకచోట "అర" అని రాసి ఉంది, అరకిలోనా అర బస్తానా? ఆదివారం మధ్యాహ్నం నుంచి తేదీ వెయ్యలేదు, సోమవారం అమ్మకాలు రెట్టింపు కనిపిస్తున్నాయి. అప్పు ఖాతా వేరే పుస్తకంలో ఉంది. దాన్ని కలపకపోతే నెలాఖరు వారంలో అమ్మకాలు పడిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ వారంలో జనం అప్పు మీద కొంటున్నారు!

చివరి విషయం చూడండి. గ్రాఫ్ గీసి "నెలాఖరున అమ్మకాలు తగ్గుతున్నాయి, సరుకు తగ్గించండి" అని సలహా ఇచ్చి ఉంటే కొట్టు యజమానికి నష్టం చేసినవాళ్లమయ్యేవాళ్లం. గ్రాఫ్ సరిగ్గానే ఉంది. పుస్తకమే సగం. ఈ సంగతి పట్టుకోవడానికి ఆ కొట్టు ముందు ఓ సాయంత్రం నిలబడి, వచ్చినవాళ్లు డబ్బులిస్తున్నారా, "రాసుకో" అంటున్నారా అని చూస్తే చాలు. డేటాను శుభ్రం చెయ్యడం అంటే ఈ పనే. ఏ సరుకుకు ఎన్ని పేర్లున్నాయో చూసి ఒక పట్టిక రాసుకోండి. మీరు తీసుకున్న ప్రతి నిర్ణయం, "అర అంటే అరకిలో అని అనుకున్నాను, యజమానిని అడిగి నిర్ధారించుకున్నాను" అని పక్కన రాసిపెట్టండి. రేపు ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగితే, మోడల్ పేరు కంటే ఈ పట్టిక గురించి చెప్పండి. ఎదుటివాళ్లు నిజంగా ఈ పని చేసినవాళ్లైతే ముందుకు వంగి వింటారు.

వారం

గ్రేడింగ్ సంగతి క్లుప్తంగా. ప్రతి టర్మ్‌లో రెండు క్విజ్‌లు, ఒక ఎండ్ టర్మ్. మూడూ సెంటర్‌కు వెళ్లి రాయాల్సినవే. మొదటి ఏడు వారాల అసైన్‌మెంట్లలో మెరుగైన ఐదింటి సగటు కనీసం 40 ఉంటే, కనీసం ఒక క్విజ్ అయినా రాస్తే ఎండ్ టర్మ్‌కు అర్హత వస్తుంది. 90, ఆపైన వస్తే ఎస్ గ్రేడు, 10 పాయింట్లు. 40 నుంచి 49 దాకా 'ఈ' (E) గ్రేడు, 4 పాయింట్లు. పాసే కదా అని ఈ గ్రేడ్లు పోగేసుకుంటే సీజీపీఏ లేవదు. నాలుగు క్రెడిట్ల కోర్సులో ఒక 4ను పూడ్చి సగటు 8కి తేవాలంటే రెండు కోర్సుల్లో 10కి 10 రావాలి. ప్రతి కోర్సుకూ గ్రేడింగ్ వివరాల పత్రం టర్మ్ మొదట్లోనే ఇస్తారు. దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి సీనియర్ చెప్పిన పాత లెక్క మీద ఆధారపడకండి.

అసలు ఈ చదువులో మనుషులు ఓడిపోయేది పరీక్షల్లో కాదు, మూడో వారంలో. మొదటి రెండు వారాలూ ఉత్సాహంగా ఉంటాయి. మూడో వారం ఇంట్లో పెళ్లో, ఆఫీసులో రిలీజో, కాలేజీలో మిడ్ పరీక్షలో వస్తాయి. పాఠాలు ఒక వారం పేరుకుంటాయి. నాలుగో వారం రెండు వారాల పాఠాలు ముందున్నాయి, దాని వెంటే మొదటి క్విజ్. అక్కడ చాలామంది వెనక్కి తిరిగి మొదటి నుంచి అన్నీ చూస్తానంటారు. అలా చెయ్యకండి. వెనకబడినప్పుడు ఈ వారం పాఠం ఈ వారమే చూడండి. తప్పినవాటిని రోజుకు ఒక వీడియో చొప్పున పక్కన నడిపించండి. ముందు ఈ వారం అసైన్‌మెంట్ పెట్టండి, సగం తెలిసినా సరే. ఖాళీగా వదిలిన అసైన్‌మెంట్‌కు సున్నా వస్తుంది, అలాంటి సున్నాలు పేరుకుంటే ఎండ్ టర్మ్ అర్హతను తినేస్తాయి.

2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చెయ్యడానికి అనుమతి ఇచ్చింది. అప్పటినుంచి బీటెక్ చదువుతూ దీన్ని కూడా చేసే పిల్లలు మన దగ్గర కనిపిస్తున్నారు. నా అభిప్రాయం అడిగితే, మీ బీటెక్ కూడా డేటా సైన్స్ బ్రాంచిలోనే అయితే రెండూ వద్దు. అదే డేటాబేస్, అదే మెషీన్ లెర్నింగ్ రెండుసార్లు చదువుతూ రెండుచోట్లా సగం సగం మిగులుతారు. మెకానికల్, సివిల్, ఈఈఈ, బీకాం, అగ్రికల్చర్ పిల్లలకు మాత్రం ఇది మంచి జోడీ. వాళ్ల సబ్జెక్టు తెలిసి, దాని డేటా చదవగలిగేవాళ్లు అరుదు. అయితే కాలేజీ సెమిస్టర్ పరీక్షలున్న టర్మ్‌లో ఒక్క కోర్సే తీసుకోండి, లేదా ఆ టర్మ్ వదిలెయ్యండి. సెంటర్‌కు వెళ్లే మూడు తేదీలనూ కాలేజీ క్యాలెండర్ పక్కన పెట్టి చూశాకే రిజిస్టర్ చెయ్యండి. జిల్లాల్లో ఉండేవాళ్లకు సెంటర్ దూరమైతే రాత్రి ప్రయాణం చేసి తెల్లారి పరీక్షకు కూర్చోవద్దు. ముందురోజే చేరుకోండి. టర్మ్ బడ్జెట్‌లో ఫీజుతో పాటు ఆ మూడు ప్రయాణాల ఖర్చూ, బసా కలపండి.

ఎక్కడ ఆగాలి

114 క్రెడిట్ల దగ్గర బీఎస్సీ తీసుకుని ఆగాలా, 142 దాకా వెళ్లాలా అన్నది అందరికీ వచ్చే ప్రశ్న. ఇప్పటికే బీటెక్ పట్టా ఉన్నవాళ్లు, ఉద్యోగంలో పని నేర్చుకోవడమే లక్ష్యంగా వచ్చినవాళ్లు బీఎస్సీ దగ్గర, ఒక్కోసారి డిప్లమోల దగ్గరే నిరభ్యంతరంగా ఆగవచ్చు. వాళ్లకు కావాల్సింది అప్పటికే చేతికొచ్చి ఉంటుంది. ఇదే ఏకైక డిగ్రీ అయినవాళ్లు, అందులోనూ అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లాలనుకునేవాళ్లు ఆగకూడదు. అక్కడి యూనివర్సిటీలు చాలావరకు పదహారేళ్ల చదువు అడుగుతాయి, మూడేళ్ల డిగ్రీని అన్నీ ఒప్పుకోవు. నాలుగేళ్ల బీఎస్‌తో ఆ చిక్కు తీరుతుంది. గేట్ రాసి మన దగ్గరే ఎంటెక్ చెయ్యాలనుకునేవాళ్లకూ నాలుగేళ్ల డిగ్రీయే సాఫీ దారి. ఈ నిర్ణయం చివరి టర్మ్‌లో తీసుకునేది కాదు. డిప్లమో స్థాయిలోకి అడుగుపెట్టిన టర్మ్‌లోనే తీసుకోండి. బీఎస్ దాకా వెళ్లేట్టయితే డిగ్రీ స్థాయి కోర్సుల పట్టిక తీసి, మీరు పనిచెయ్యాలనుకుంటున్న రంగానికి ఏవి కావాలో గుర్తుపెట్టుకుని, వాటికి ముందు ఏ కోర్సులు పూర్తికావాలో వెనక్కి లెక్కపెట్టుకుంటూ ఈ టర్మ్ దాకా రండి. కొన్ని ఎన్‌పీటీఈఎల్ కోర్సుల క్రెడిట్లు కూడా ఇందులో కలుపుకునే వీలుంది. ఏవి చెల్లుతాయో ఆ టర్మ్ జాబితాలో చూసుకుని, ఎన్‌పీటీఈఎల్ పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు దాటకముందే పేరు నమోదు చేసుకోండి.